అంకెలు మాత్రమే ఉన్న సీసాలు

మా మేడం ఇక లేరన్న కబురు వచ్చినప్పుడు నేను బాపట్లలోని ప్రయోగశాలలో ఎలుక పాదాల వాపు కొలుస్తున్నాను. ఫోను పెట్టేసి, ఆ కొలత పుస్తకంలో రాసి, ఆ తరువాతే మేడంగారి ఊరు తెనాలికి రైలెక్కాను. రాయకుండా వెళ్ళి ఉంటే ఆవిడ క్షమించేవారు కారు.

మేడం మాకు మందుల రసాయనం బోధించారు. రుమటాయిడ్ కీళ్ళవాతం ఆవిడకు చాలా ఏళ్ళుగా ఉంది. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ శక్తే దారి తప్పి కీళ్ళ మీద పడే జబ్బు అది. వేళ్ళన్నీ చిటికెన వేలి వైపుకు ఒరిగిపోయాయి. సుద్దముక్కను పిడికిట్లో పట్టుకుని రాసేవారు. బోర్డు మీది అక్షరాలు గాలికి వాలిన వరిచేనులా ఉండేవి.

మేమిద్దరం రేపల్లెలో రైలు దిగి, బస్సులో రేవుకు వెళ్ళేవాళ్ళం. చేపలతో పాటు వలల్లో పడితే పారేసే స్పాంజీలనే సముద్రజీవులు మాకు కావాలి. అక్కడ చేపలు ఏరే ఒకావిడ ప్రతిసారీ ఏడిపించేది.

"ఏంటి మేడంగారూ, ఇంత దూరమొచ్చి చెత్త పట్టుకెళ్తారు? చేపలు తినరా ఏంటి?"

"తింటామమ్మా. ఇది మందుకు పనికొస్తుందేమో చూద్దామని."

"మీ చేతులకేనా అండి?"

"ఏమోనమ్మా, అది చెప్పాలిగా!" అని స్పాంజిని చూపించేవారు.

తిరుగు రైల్లో బకెట్టును పాదాల మధ్య పెట్టుకుని, మూత తీసి మళ్ళీ మళ్ళీ చూసేవారు. "దీనికి కాళ్ళు లేవు, పళ్ళు లేవు, పారిపోలేదు. తినడానికొచ్చినవాటిని రసాయనాలతోనే ఆపుతుంది. ఉప్పునీళ్ళలో రాయిని పట్టుకుని ఎంత పని చేస్తోందో చూడమ్మా!"

పాదాల్లో వాపు రప్పించిన ఎలుకల్లో కొన్నిటికి స్పాంజి సారం, కొన్నిటికి వట్టి ద్రావణం ఇచ్చేవాళ్ళం. ఆ సీసాల మీద అంకెలు మాత్రమే ఉండేవి. ఏ అంకె ఏ ద్రావణమో రాసిన కాగితాన్ని కవరులో పెట్టి, అంటించి, మేడం తన దగ్గరే ఉంచుకునేవారు. కొలిచేది నేను. మీరే ఎందుకు కొలవరని ఒకసారి అడిగాను.

"ఈ చేతులున్న మనిషి కొలవకూడదమ్మా. ఆశపడే కంటికి వాపు తగ్గినట్టే కనిపిస్తుంది."

మొదటి విడతలో ఒక అంకె సీసా వాపును స్పష్టంగా తగ్గించింది. కవరు తెరిస్తే అది రేపల్లె స్పాంజి. నేను ఉండబట్టలేక, "మేడం, ఒక్క చుక్క మీరు..." అన్నాను.

"అది ఇంకా మందు కాదు. ఎలుక పాదానికీ నా చేతికీ మధ్య చాలా దూరముంది. అది దాటేవరకూ డాక్టరుగారి మాత్రే నాకు."

రెండో విడతకు మరో కాలంలో దొరికిన స్పాంజి వాడాం. చూడటానికి తేడా లేదు, కానీ వాపు తగ్గలేదు. నాకు ఏడుపొచ్చింది.

"తగ్గలేదని స్పష్టంగా రాయి," అన్నారు మేడం. ఆవిడ కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. "ఆ రసాయనాన్ని అవసరమైనప్పుడే చేసుకుంటుందేమో! లేకపోతే, దాని లోపల కాపురముండే సూక్ష్మజీవులు చేస్తున్నాయేమో! మనకి తెలిసింది ఎంత కొంచెమమ్మా."

ఇప్పుడు జరుగుతున్నది మూడో విడత. మొదటి స్పాంజి దొరికిన కాలంలోనే, అదే రేవు నుంచి తెచ్చాం.

తెనాలిలో అంతా అయ్యాక మేడంగారి చెల్లెలు ఒక కవరు నా చేతిలో పెట్టారు. "అక్క నీకిమ్మందమ్మా. కొలతలన్నీ అయ్యేదాకా తెరవొద్దంది. తెరిస్తే తనకి తెలిసిపోతుందని కూడా చెప్పమంది." చెబుతూనే ఆవిడ నవ్వారు, వెంటనే కొంగు కళ్ళకు అద్దుకున్నారు.

ఇంకా నాలుగు రోజుల కొలతలు మిగిలి ఉన్నాయి. కవరు నా బల్ల సొరుగులో ఉంది. వేళ్ళతో నొక్కలేక ముంజేతితో అదిమినట్టున్నారు, అంటించిన చోట జిగురు పక్కకు జారి ఆరిపోయింది. దాని మీద నా పేరు, ఒకే వైపుకు వాలి ఉంది.