జబ్బు లేదన్న చీమలు

ఎర్రచీమను రెండు వేళ్ళ మధ్య నలిపితే పచ్చి నిమ్మతొక్క గిల్లినట్టు పుల్లటి వాసన వస్తుంది. మొన్న కాశీబుగ్గలో మా అద్దింటి వంటగదిలో అన్నం గిన్నె దించుతుంటే ఒకటి మణికట్టు మీద కుట్టింది. చూడకుండానే నలిపేశాను. ఆ వాసన ముక్కుకు తగలగానే గిన్నె గట్టు మీద పెట్టేసి, స్టవ్ ఆపడం కూడా మరిచి అలాగే నిలబడిపోయాను. ఇంత వయసొచ్చి చీమకు భయపడతానంటే వినేవాళ్ళు నవ్వుతారు. నవ్వనీయండి.

మా ఊరు సోంపేటకు తూర్పున, సముద్రపు హోరు వినిపించేంత దగ్గరలో, జీడితోటలకూ కొబ్బరితోటలకూ మధ్య ఉంటుంది. తక్కిన పిల్లలు కుక్కపిల్లలనూ మేకపిల్లలనూ సాకే వయసులో నేను చీమలను పెంచాను. ఒకటి కాదు, నాలుగు కాపురాలు. పశువులసాలలో గోడవారగా, ఖాళీ ఊరగాయ సీసాలో తడి ఇసక పోసి నల్లటి గండుచీమలను, మూతపోయిన పౌడరు డబ్బాలో చలిచీమలను, నోరు పగిలిన కుండలో చిన్న ఎర్రచీమలను ఉంచి, పారిపోకుండా వాటి కింద నీళ్ళ పళ్ళేలు పెట్టేదాన్ని. నాలుగోది ఒక జీడికొమ్మ. ఆకుకు ఆకు కుట్టి గూడు కట్టుకునే పెద్ద ఎర్రచీమలవి. నేను అడిగానని నాన్న ఒంటికి బూడిద రాసుకుని చెట్టెక్కి, మెడనిండా కుట్టించుకుని, గూడు చెదరకుండా ఆ కొమ్మను కోసి తెచ్చి నీళ్ళ బకెట్లో నిలబెట్టారు. ఇంటినిండా చీమలు పెడితే మేమంతా ఏ చెట్టెక్కి కాపురం చెయ్యాలని అమ్మ మూడురోజులు సాధించింది.

ఎండాకాలం వాటికి పండగే పండగ. పిక్క తీసేసిన జీడిపండ్లు తోటంతా కుప్పలుగా పడి మాగి, కల్లు వాసన కొడుతుంటే, ఒక్కొక్క పండు తెచ్చి వేసేదాన్ని, రెండు రోజుల్లో పీచు మిగిలేది. తొలకరి పడిన సాయంత్రం నేలలోంచి రెక్కల చీమలు పొగలా లేచేవి. రెక్కలు రాల్చుకుని గోడపక్కన తచ్చాడే పెద్దచీమను ఏరుకొచ్చి సీసాలో వేస్తే కొత్త కాపురం మొదలయ్యేది. ముసురు పట్టే ముందు అవి తెల్లటి గుడ్లను నోట కరుచుకుని గోడెక్కేవి, అది చూసి మా మామ్మ, అంటే నాన్న తల్లి, పిడకలు లోపల పెట్టించేది. నాగుల చవితినాడు పుట్ట దగ్గర పెట్టగా మిగిలిన నువ్వుల చిమ్మిలి ఉండల్లో నా వాటా సగం చీమలకే. చలికాలంలో అవి కదలక మెదలక ఉంటే, చచ్చిపోయాయేమోనని సీసాను పొద్దుటెండలో పెట్టి, ఒక్క కాలు కదిలేదాకా ఊపిరి బిగబట్టి చూసేదాన్ని.

చావంటే నాకు అప్పటికే బాగా తెలుసు. మా వైపు మూత్రపిండాలు పాడై మనుషులు పోతున్న రోజులవి. ఆ రోగానికి ఊళ్ళో పేరు పెట్టి పిలిచేవారు కాదు, జబ్బు అనేవారు. జ్వరం జ్వరమే, దగ్గు దగ్గే, జబ్బంటే మాత్రం అదొక్కటే. పొద్దున్న లేవగానే పెద్దవాళ్ళు ఒకరి కాలు ఒకరు బొటనవేలితో నొక్కి, గుంట పడుతుందా లేదా అని చూసుకునేవారు. పడకపోతే ఆ పూటకు గండం గడిచినట్టే. పక్కింటి దాలయ్య బాబాయి కాలికి గుంట పడింది. ఏడాది తిరక్కుండానే, మా నాన్నతో సమానంగా చెట్లెక్కే మనిషి, ఎముకలగూడై పోయాడు. ఆయన్ను మోసుకెళ్ళిన రోజు నుంచి నాకు నాన్న దగ్గినా భయమే, తినకుండా లేచినా భయమే. నిద్రలేవగానే చాపమీద వాలి ఆయన మొహం ఉబ్బిందేమోనని చూసేదాన్ని.

ఆ వానాకాలమే పలాస నుంచి మా మేనత్త వచ్చి నాలుగురోజులు ఉంది. ఆవిడకు సుగరని పెద్దవాళ్ళకు తెలుసు, నాకు తెలియదు. పెరట్లో తడిక చాటున ఆవిడ కూర్చుని లేచిన చోట చీమలు నల్లగా ముసిరి ఉండటం చూసి, ఇవెందుకొచ్చాయని మామ్మను అడిగాను.

"ఉచ్చపోసిన కాడ సీమలట్టినాయంటే ఒంట్లో జబ్బున్నట్టే," అంది మామ్మ, చేట చెరుగుతూనే.

మామ్మ జబ్బు అంది. నాకు తెలిసిన జబ్బు ఒక్కటే. మేనత్త ఇక బతకదని ఏడుపొచ్చి, ఆవిడ తెచ్చిన జంతికలు కూడా ముట్టలేదు. ఆ తర్వాత నాకు మరో ఆలోచన వచ్చింది. నాన్న తెల్లవారగానే ఒంటికి పెరటి చివర కొబ్బరిచెట్టు మొదట్లోకి వెళ్ళేవారు. ఆయన అటు వెళ్ళిపోగానే పౌడరు డబ్బా పట్టుకెళ్ళి, ఓ పదిహేను చలిచీమలను అక్కడ దులిపి, కొంచెం దూరంలో గొంతుక్కూర్చున్నాను. అవి తడిచోటును అంటుకోకుండా చుట్టూ తిరిగి, రాలిన కొబ్బరిపూత వైపు పోయాయి. ఆ రోజు బడికి గెంతుకుంటూ వెళ్ళాను. కానీ భయం ఒక్కరోజుతో పోయేదా? వారానికోసారి, వానపడితే నేల ఆరేదాకా ఆగి, చలికాలంలో చీమలను ఎండలో కాచి మరీ, ఏడాదిపాటు అలాగే చూశాను. ఒక్కసారీ పట్టలేదు.

మరుసటి ఏడు నాగుల చవితి వెళ్ళిన వారానికి జబ్బు ఎవరెవరికుందో చూడటానికి మా బడిలో ఊరందరికీ రక్తపరీక్షలు పెట్టారు. అమ్మ పొద్దుట్నుంచీ బతిమాలుతోంది. నాన్న తువ్వాలు భుజాన వేస్తారు, తీస్తారు, గుమ్మం మాత్రం దాటరు. దాలయ్య బాబాయి రక్తపరీక్షలో వచ్చిన అంకె తెలిసిన రోజునే మంచం పట్టాడనీ, తెలియకపోతే ఇంకా తిరుగుతూ ఉండేవాడనీ ఊళ్ళో చాలామంది నమ్మకం. అంత పెద్దమనిషి మొహంలో భయం చూడలేక నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"నాన్నా, నీకు జబ్బు నేదు. నా సీమలు సూసినాయి."

ఆయన నవ్వలేదు. నా ముందు గొంతుక్కూర్చుని, ఎలా చూశావు, ఎన్నిసార్లు చూశావని మొత్తం అడిగి విన్నారు. విన్నకొద్దీ మొహం తేటపడింది. లేచి అమ్మతో, "ఇన్నావా? నాకేటీ నేదు," అని కత్తి తీసుకుని తోటకు వెళ్ళిపోయారు. అమ్మ ఒక్కతే బడికి వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చింది.

జీడిపిక్కలు ఏరే రోజులకు నాన్న కాలు చెప్పులో పట్టలేదు. అమ్మ నొక్కితే పడిన గుంట ఎంతసేపటికీ పూడలేదు. విశాఖపట్నం తీసుకెళ్తే, ఆరునెలల ముందొచ్చినా మందులతో కొన్నేళ్ళు నెట్టుకొచ్చేవాళ్ళమని డాక్టరు అన్నారట. చీమలు పట్టలేదు కదా అని నేను మామ్మను నిలదీశాను.

"సీమలొచ్చేది తీపికే అమ్మీ. అది సుగరు జబ్బుకి. ఈ జబ్బుకెందుకొత్తాయి?" అంది.

మేము ఆస్పత్రుల చుట్టూ తిరిగిన ఆ నెలలో పళ్ళేల్లో నీళ్ళు ఇంకిపోయి, గండుచీమలు సీసా అడుగున ఎండి కనిపించాయి, కొమ్మ మీది గూడు గోధుమరంగు తిరిగి ఊడిపడింది. తక్కినవి ఎటు పోయాయో నేను వెతకలేదు. నాన్న ఇంకో రెండేళ్ళున్నారు. ఆ రెండేళ్ళలో చీమల ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇరవై ఏళ్ళు గడిచినా, మా నాన్నను నేనే ఆపేశానన్న మాట నా నోట రాలేదు.

మొన్న చీమ కుట్టిన రోజు అమ్మ మా ఇంట్లోనే ఉంది. గిన్నె దగ్గర నిలబడిపోయిన నన్ను చూసి ఏమైందని అడిగింది. చెప్పేశాను, అంతా. అమ్మ వచ్చి స్టవ్ ఆపింది.

"నువ్వు పిల్లవి. నేను పెద్దదాన్ని కాదేటి? నేనూ నమ్మీసేను. అదే నిజమైతే బాగుణ్ణనిపించింది," అంది.

ఇప్పుడు మా ఊళ్ళో ఆ పశువులసాల లేదు, పెరడంతా సిమెంటు చేశారు. తుపాను పడగొట్టిన జీడిచెట్లు పోగా మిగిలినవాటికి మందు కొడుతున్నారు, ఆకుగూళ్ళు కనబడవు. దాలయ్య బాబాయి వాళ్ళింటికి తాళం. జబ్బు మాత్రం ఎక్కడికీ పోలేదు. పరీక్ష చేయించుకోమని అమ్మ మూడేళ్ళుగా పోరుతుంటే, నేను పాఠాలు చెప్పే బడిలో సెలవు దొరకదనో, పిల్లలకు పరీక్షలనో ఒక్కోసారి ఒక్కో సాకు చెప్పి తప్పించుకుంటున్నదాన్ని, ఈసారి సరేనన్నాను. రేపు పొద్దున్న మొదటి బస్సుకు ఇద్దరం సోంపేట వెళ్ళి నా రక్తం ఇచ్చి రావాలి. నాన్న గుమ్మంలో ఎందుకు నిలబడిపోయారో నాకు ఇప్పుడు తెలుస్తోంది.