కనబడకుండా కొలిచిన దుమ్ము

నేను గోదావరిఖనిలో పుట్టి పెరిగినదాన్ని. గణాంక శాస్త్రం చదివి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. మా ఊరి దగ్గరి బొగ్గు గని దుమ్ముకూ జనం ఆయాసానికీ సంబంధం ఉందేమో చూసే సర్వేకు పిలిస్తే సంబరపడి వెళ్లాను. ఎంతమందిని పరీక్షిస్తే నిజం తేలుతుందో లెక్కగట్టడం నా పని.

లెక్క చూసి సర్వే నడిపే పెద్దాయన ముఖం చిట్లించారు. అంతమందికి ఊపిరితిత్తుల స్కానింగ్ చేయించే డబ్బు లేదన్నారు. స్కానింగ్ మానేద్దాం, గొట్టంలోకి ఊదించే పరీక్ష చాలు, మిగిలిన డబ్బుతో, పోల్చి చూడటానికి దుమ్ము పడని ఊళ్లవాళ్లను కూడా ఎక్కువమందిని తీసుకోవచ్చు అన్నాను. ఆయన వినలేదు. స్కానింగ్ బొమ్మలు లేకపోతే రిపోర్టుకు విలువ ఉండదట. బొమ్మలు ఉంచి మనుషుల్ని తగ్గించారు. ఇంత తక్కువమందిని చూస్తే ఉన్న తేడా కూడా పట్టుబడదని రాసిచ్చాను. ఆ కాగితం మీద టీ కప్పు పెట్టుకున్నారు.

అనుకున్నట్టే అయింది. దుమ్ము పడే వాడల్లో ఆయాసపడేవాళ్లు ఎక్కువగానే కనబడ్డారు. కానీ అది కాకతాళీయం కాదని చెప్పడానికి ఆ కొద్దిమంది చాలలేదు. పెద్దపల్లిలో రిపోర్టు విడుదల చేసిన రోజు చూస్తే, దుమ్ముకూ ఆయాసానికీ సంబంధం లేదని పెద్ద అక్షరాల్లో ఉంది.

"సంబంధం లేదని కాదు సార్, మనకు పట్టుబడలేదని రాయాలె," అన్నాను.

"రెండూ ఒకటేనమ్మా. ఆ తేడా ఎవరికి కావాలి?" అంటూ ఆయన బిర్యానీ ప్లేటు అందుకున్నారు.

రిపోర్టులోంచి నా పేరు తీసేయమన్నాను. పేరు తీసేశారు, ఆ వాక్యం మాత్రం తీయలేదు.

తర్వాత సర్వేలో పరీక్ష చేయించుకున్న ఒక అవ్వను చూడబోయాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. డాక్టరు ఇచ్చిన పీల్చే మందు ఏమైందని అడిగాను.

"దుమ్ముతోని ఏం కాదని తేల్చిండ్రట గద బిడ్డా. ఇగ మందెందుకని ఇడిసిపెట్టిన."

ఆ పెద్దాయన మీద ఎంత రోత పుట్టిందో చెప్పలేను. "వాళ్లు చూడాల్సినంత మందిని చూడలే అవ్వా. నీ ఆయాసం నిజమే. మందు ఆపొద్దు," అన్నాను. ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాను. మందు మానినందుకు డాక్టరు ఆమెను కసిరారు. ఆమె తల వంచుకుని కూర్చుంది. తప్పు ఆమెది కాదని డాక్టరుకు చెప్పాను.

కొన్నాళ్లకు పెద్దాయన ఫోన్ చేశారు. ఇంకో సర్వే వచ్చిందట. ఎంతమంది కావాలో లెక్కగట్టనక్కర్లేదు, ఉన్న డబ్బుకు వచ్చినంతమందే సరిపోతారని రాసిమ్మన్నారు. మాట పూర్తికాకముందే ఫోన్ పెట్టేశాను.