ఎండబెట్టి బతికించిన కుందేటికొమ్ములు

మా గుట్ట మీద కుందేటికొమ్ములు ఉండేవి. ఆకన్నది లేకుండా, వేలు లావున, నాలుగు పలకలుగా ముళ్లపొదల నీడన లేచే కాడలు. మేకల వెంట పోయినవాళ్లు పచ్చివే విరిచి నమిలితే దప్పిక తీరేది. ఇంటికి తెస్తే మా అత్త చింతపండు, పచ్చిమిరపకాయ వేసి పచ్చడి నూరేది. సంగటిలోకి ఆ పచ్చడుంటే మామ ఇంకో ముద్ద అడిగేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక ఊళ్లోకి ఒక టెంపో వచ్చింది. ఒళ్లు తగ్గే మందుకట, ఈ కాడలు బస్తాల కొద్దీ కొంటామన్నారు. ఎప్పుడూ పైకాడ విరుచుకునే ఊరు ఆ ఏడు వేళ్లతో సహా పెరికింది. మేమూ పెరికాం, అబద్ధమెందుకు? రెండేళ్లు తిరిగేసరికి గుట్టంతా బోడి. అప్పుడు మామ రాతిసందులో మిగిలిన ఒక్క దుబ్బును మట్టితో పెళ్లగించి తువ్వాలులో పెట్టుకుని తెచ్చాడు. పగిలిన కుండలో నాటాడు.

“ఇదొక్కటే మిగిలిండాదమ్మా. ఇది పోతే మన గుట్టకు ఇత్తనం గూడా ఉండదు” అన్నాడు నాతో.

ట్యాంకర్ వస్తే బిందె కోసం జుట్లు పట్టుకుంటాం గానీ, ఇంట్లో ఉన్న ప్రాణికి నీళ్లివ్వకుండా ఉండటం మాకు చేతకాదు. అత్త తాను తాగే చెంబులో కాస్త మిగిల్చి రోజూ ఆ కుండలో పోసింది, నాకు తెలియకుండా. నేనూ పోశాను, ఆమెకు తెలియకుండా. పది రోజులకు మొదలు పసుపు తిరిగి, ముట్టుకుంటే మెత్తగా తగిలింది.

“ఎవురు పోసినారు నీళ్లు?” అన్నాడు మామ.

“నేను రోంత పోసినా” అంది అత్త.

“నేనూ రోంతే పోసినా మామా.”

“ఇద్దురూ కలిసి ముంచినారు గదా! ఈ కరువులో నీళ్లెక్కువై సచ్చే చెట్టు ఇదొక్కటే!”

“దాని గొంతెండుతాంటే చూస్తా కూచోమంటావా? నీకు చెంబు నీళ్లు ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తావే!”

మామ కుళ్లిన మొదలు వదిలేసి, పైన గట్టిగా ఉన్న మూడు కొసలు కొడవలితో కోసి, గూట్లో నీడన ఆరబెట్టాడు.

“సచ్చేదాన్ని ఇంగా ఎండబెడతావా?” అంది అత్త.

“గాయం మానల్ల. పచ్చిగా నాటితే మళ్లా కుళ్లిపోతాది.”

వారంలో కొసలు ముడతలు పడ్డాయి. అత్త రోజుకు నాలుగుసార్లు గూట్లోకి తొంగిచూసి నిట్టూర్చేది. తర్వాత మామ వాటిని పెరట్లో, మేకలకందని ముళ్లపొద మొదట్లో గుచ్చాడు. ఇక మేం ఒకరికొకరం కాపలా.

“నీ చేతిలో ఆ చెంబేంది అత్తా?”

“మొగం కడుక్కునేదానికి మే, పోలీసమ్మా!”

ఒకటి ఎండిపోయింది. రెండు నిలబడ్డాయి. వానల తర్వాత ఊదారంగు పూలు పూశాయి. ఈగలకు తప్ప ఎవరికీ నచ్చని వాసన. జంట కొమ్ముల్లాంటి కాయలు పండేసరికి, దూదిలాంటి గింజలు ఎగిరిపోకుండా మామ వాటికి పాతచీర పీలికలు కట్టాడు. ఆ గింజల్ని మేము గుట్ట మీద పొదపొదకూ తీసుకెళ్లి మట్టిలో అదిమాం.

మరుసటి వానకు మొలకలు కనబడ్డాయని మామ చెప్పగానే అత్త వీధిలోకి పోయి మేకలు తోలుకెళ్లే వాళ్లందరినీ నిలబెట్టింది.

“పైకాడే విరుచుకోండ్రప్పా. వేరు పెరికితే చెయ్యి విరుస్తా!”

“పెద్దమ్మా, అవి ఇంగా గోరంత గూడా లేవలేదే! యాడ విరిచేది?” అని నవ్వాడొకడు.

“లేచినాక చెబుదామంటే నేనుంటానో లేదో. ఇప్పుడే చెప్తాండా, ఇనుకోండి.”