బేగం సాబ్ తోటలో తొలి పువ్వు

నిన్న బజారులో బంతిపూల గంప పక్కన నిలబడితే, వేళ్లకు అంటుకుని ఓ పట్టాన వదలని ఆ పచ్చి వాసన నన్ను నిజామాబాద్ ఊరి చివరి బేగం సాబ్ తోటలోకి లాక్కుపోయింది.

మా నాయన, బాపు అనేవాళ్లం, పోశెట్టి అక్కడ తోటమాలి. ఎత్తైన గోడ, గోడ అవతల చలికాలమంతా బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల కిర్రు చప్పుడు, ఇవతల జామచెట్లు, బావి నుంచి కాలువల్లో పారే నీళ్లు, మడుల్లో నడుమెత్తు బంతి, ఎర్రటి పట్టుకుచ్చులు. ఏడాదంతా మూసి ఉండే గేటు సద్దుల బతుకమ్మనాడు పొద్దున్నే తెరుచుకునేది, మా వాడ ఆడపిల్లలమంతా తాంబాళాలతో వరుసకట్టేవాళ్లం. ముసలి బేగం సాబ్ కర్ర పట్టుకుని వచ్చి, తొలి పువ్వు తన చేత్తో తెంపి, మాలి బిడ్డనని నా తాంబాళంలో వేసేదాకా ఎవరూ మడిలో అడుగుపెట్టేవాళ్లు కాదు. బదులుగా మా అమ్మ, రొట్టె నలిపి నెయ్యి, చక్కెర కలిపిన మలీద ముద్దలు ఆమెకిచ్చేది. నెయ్యి తగ్గిందని ఏటా వంకపెడుతూనే ఆమె రెండో ముద్ద అడిగి తీసుకునేది.

తర్వాత తోట సర్కారుదై పార్కయింది. బాపుకు అక్కడే కావలి నౌకరి, ఖాకీ చొక్కా. ఇక గేటు రోజూ తెరిచే ఉంటుందని మేం గంతులేశాం. పూలు తెంపరాదని బోర్డు పెట్టారు గానీ, అది మా కోసమని ఎవరమనుకున్నాం!

ఆ ఏడు సద్దులనాడు, తోట పోయాక పక్క గల్లీలో అద్దెకుంటున్న బేగం సాబ్ నడుచుకుంటూ వచ్చింది. అలవాటు కొద్దీ నేనూ తాంబాళం పట్టుకుని పోయాను. ఆమె వంగి ఒక బంతిపువ్వు తెంపింది. బెంచీ మీద కూర్చున్న పై అధికారి ఇటే చూస్తున్నాడు. బాపు తల దించుకుని దగ్గరికొచ్చాడు.

"గిప్పుడు తెంపద్దు, బేగం సాబ్. నా నౌకరి పోతది."

"గల్తీ అయింది పోశెట్టీ. యాది మర్సిన," అందామె.

పువ్వు ఎక్కడ పెట్టాలో తెలియక ఆ చెయ్యి కాసేపు అలాగే ఆగింది. నేను తాంబాళం వెనక్కి దాచుకున్నాను. ఆమె మళ్లీ వంగి, తెంపిన మొక్క మొదట్లోనే పువ్వు పెట్టి వెళ్లిపోయింది. ఆ పూట బాపు అన్నం ముట్టలేదు. ఆమె మళ్లీ పార్కుకు రాలేదు.

ఇప్పుడక్కడ మడులు లేవు, సిమెంటు జింకలున్నాయి. పూలు బజారులో కొని, తొలి పువ్వు నేనే తాంబాళంలో వేసుకుంటున్నాను. బాపుకైతే నౌకరి భయం. తొమ్మిదేళ్ల పిల్లను, నాకేం భయమని ఆ తాంబాళం దాచుకున్నాను?