మామ డబ్బా, అన్న కంప్యూటరు

మొన్న నిజామాబాదులో మా తమ్ముడింటికి భోజనానికి వెళ్తే, చేతులు కడుక్కోకముందే వాడి కొడుకులిద్దరూ నన్ను పంచాయితీకి కూర్చోబెట్టారు. ఆటలకు కంప్యూటర్ మేలా, కన్సోల్ మేలా అన్నది తగవు. పెద్దవాడు కంప్యూటర్ పక్షం. లోపలి సామాను నచ్చినట్టు మార్చుకోవచ్చు, కావాలంటే ఆటనే మార్చుకోవచ్చు, చదువూ దాని మీదే సాగుతుందంటాడు. చిన్నవాడు కన్సోల్ పక్షం. టీవీకి తగిలించి కాళ్లు చాపుకుని ఆడుకోవడమే, దానికి రోగాలూ రావు, మందులూ అక్కర్లేదంటాడు. నేను గడ్డం నిమురుకుంటుంటే, ఈయనకు ఇవేం తెలుస్తాయిలే అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపుకే నాకు మండింది. ఈ పంచాయితీకి వాళ్ల నాన్నకు మీసం మొలవకముందే నాందేడులో, వజీరాబాదు పేటలోని మా మేనత్త వాడాలో, అంటే మండువా ఇంట్లో, తీర్పు అయిపోయిందని వాళ్లకు చెప్పలేదు. మీకు చెబుతాను. మిద్దె ఎక్కి ఏరియల్ తిప్పిన చేతులు మీవి కూడా కాబట్టి మీకైతే అర్థమవుతుంది. నేను చెప్పేదాంట్లో పావు వంతు తగ్గించుకుని నమ్మడం నన్నెరిగినవాళ్ల అలవాటు. ఈసారి చివరి భాగంలో మాత్రం ఏమీ తగ్గించుకోకండి.

మా నాన్న, పెదనాన్న ఇద్దరూ రైల్వేలో పనిచేసేవారు. తెలంగాణ నుంచి బదిలీ మీద వచ్చి, క్వార్టర్లు దొరక్క, తమ అక్కగారి వాడాలో చెరో రెండు గదుల్లో దిగి, అక్కడే వేళ్లూనుకున్నారు. నడుమ వాకిలి, చుట్టూ గదులు, అందరికీ కలిపి ఒకటే కరెంటు మీటరు, ఒకటే మెయిన్ స్విచ్చి. అది అత్త వంటింటి పక్క నడవలో ఉండేది. అత్త భర్త, అంటే మా మామ, బట్టల కొట్టు ఆసామి. కొట్టులోకి ముందు ఆయన పొట్ట వచ్చేది, కాసేపటికి ఆయన వచ్చేవాడు. నోరు మాత్రం పొట్ట కంటే ముందు వచ్చేది. అత్త వండిన కూరను, మా నాన్న బట్టతలను, పెదనాన్న ఇంగ్లీషును కొట్టుకొచ్చిన గిరాకీల ముందే ఎండగట్టి, వాళ్ల మొహాలు మాడిపోతుంటే గజం బద్ద మీద తాళం వేస్తూ నవ్వేవాడు. నవ్వకపోతే తర్వాతి వంతు మనదే కాబట్టి మేమూ నవ్వేవాళ్లం, అదీ మనస్ఫూర్తిగా.

ఎనభైల నడుమ ఒక ఎండాకాలం ముందు, ఎవరో గిరాకీ తమ్ముడు దుబాయ్ నుంచి తెచ్చిన టీవీ ఆట డబ్బా ఒకటి మామ చేతికి చిక్కింది. దాని మీద ఇటుక ముక్కలాంటి కాసెట్టు గుచ్చి, టీవీ పెడితే చాలు, మీరు చాయ్ కప్పు కింద పెట్టేలోపు తెర మీద రెండు ట్యాంకులు కొట్టుకునేవి. తాళ్లతో వేలాడే హ్యాండిళ్లు రెండు, ఆడేవాళ్లు ఇద్దరు. ఎన్ని నెలలు ఆడినా అవే ట్యాంకులు, అదే గోడ, అదే చప్పుడు. అయినా సాయంత్రమైతే వాకిలి నిండిపోయేది. ఆ ఆటలో మామ కూతురు, నాకు వదిన వరుస, సాక్షాత్తూ రాక్షసి. పాలవాడిని ఓడించింది, పోస్టుమ్యాన్‌ను ఓడించింది, గోదావరి స్నానానికి పోతూ దారి తప్పి వచ్చిన ఒక సాధువును కూడా ఓడించిందని నేను చాలా చోట్ల చెప్పాను. ఓడినవాడి భుజం మీద చరిచి, ఇంకో ఆట ఆడతావా అని అడిగేది. ఆ అడగడంలో ఉన్న సంతోషం కోసమే సగం మంది ఓడిపోవడానికి వచ్చేవారని నా అనుమానం.

ఆమెను మా పెదనాన్న కొడుక్కు ఇవ్వాలని పుట్టినప్పుడే అనుకున్నారు. మా ఈ అన్న డిగ్రీ చదివి, హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేసి, వస్తూ వస్తూ ఒక కంప్యూటరు తెచ్చుకున్నాడు. బడిపలక కంటే కొంచెం పెద్దది, రబ్బరు గుండీలు, తెర కూడా లేదు. దాన్ని టీవీకి, టేపురికార్డరుకు తగిలించాలి. ఆట క్యాసెట్ టేపులో ఉంటుంది. టేపు పెట్టిన దగ్గర నుంచి అది గాయపడ్డ పిల్లిలా కీచుమంటుంది, తెర నిండా గీతలు పరుగెత్తుతాయి, ఆట మాత్రం రాదు. టేపు మొదలుపెట్టి, స్టేషనుకు పోయి, బండెక్కి, ఉమ్రిలో దిగి చాయ్ తాగి తిరిగొచ్చినా ఆట ఇంకా దారిలోనే ఉండేదని నేను ప్రచారం చేస్తే, మామకు ఆ మాట ఎంతో నచ్చి తన సొంతం చేసుకున్నాడు. రోజూ కొట్టు నుంచి వస్తూనే వాకిట్లో నిలబడి ఒకటే ప్రశ్న వేసేవాడు.

"అల్లుడా, నీ ఆట దిగిందా, ఇంకా బండిలనే ఉన్నదా?"

అన్న వెనక్కి తిరిగేవాడు కాదు. మీ డబ్బాలో ఎవరో పెట్టింది మీరు ఆడుతున్నారు, నా దాంట్లో నేను పెట్టింది నేను ఆడతాను అని తెరకేసి చూస్తూనే జవాబు చెప్పేవాడు. నిజమే. ఇప్పటి పిల్లల వాదమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. గుండీలు నొక్కి నొక్కి తానే ఆటలు రాసేవాడు. ఎగిరే పళ్లేల ఆట, మాహూరు గుట్ట ఎక్కే భక్తుడి ఆట. వదిన చాయ్ తెచ్చి పక్కన పెడితే దాని మీద మీగడ కట్టి, ఆ మీగడ మీద ఈగ వాలి, చివరకు ఆమే తీసుకుపోయేది. నాకూ నేర్పు అని రెండు మూడు సార్లు అడిగింది. ఇది ఇద్దరి ఆట కాదన్నాడు. ఒకసారి ముచ్చటపడి ఒక గుండీ నొక్కితే, పొద్దుటి నుంచి చేసింది పాడయిందని అందరి ముందూ ఆమె చేతిని తోసేశాడు. ఆమె గాజు ఒకటి చిట్లింది. మామ దానికీ నవ్వాడు, మేమూ నవ్వాం.

ఆ ఎండాకాలం కరెంటు అన్న మీద పగబట్టింది. కీచుమోత ముగిసి ఆట తెర మీదికి వచ్చే సమయానికి సరిగ్గా కరెంటు పోయేది. డబ్బా ఆటకు కరెంటు పోతే నష్టం లేదు, రాగానే మళ్లీ మొదలు. కంప్యూటరుకు మాత్రం టేపులో దాచుకోనిదంతా బూడిదే. ఇదంతా మామ పనేనని అన్నకు గట్టి అనుమానం. మామ ఆ అనుమానాన్ని కాదనకుండా, మీసం తిప్పుతూ దానికి నీళ్లు పోసి పెంచాడు.

దసరాకు బంధువులంతా దిగారు. మర్నాడే సాకర్‌పుడా, అంటే చక్కెర పొట్లం చేతిలో పెట్టి మాట ఖాయం చేసుకునే మా నాందేడు వైపు ఆచారం. పూలు, పళ్లు, పొట్లం, అన్నీ పళ్లెంలో సిద్ధంగా ఉన్నాయి. అప్పుడు మామకు ఒక కొంటె ఆలోచన వచ్చింది. అల్లుడు ఒక్క ఆట మొదటి నుంచి చివరి దాకా అందరి ముందు ఆడి చూపిస్తేనే పొట్లం ఇస్తానన్నాడు. పెదనాన్న మొహం నల్లబడింది. అన్న మాత్రం అలాగేనన్నాడు, ఎందుకంటే అతను అప్పటికే ఒక కొత్త ఆట రాసి పెట్టుకున్నాడు. గుండ్రటి పొట్టగల బట్టల ఆసామి గజం బద్ద పట్టుకుని గిరాకీల వెంటపడతాడు; గిరాకీ తప్పించుకున్నప్పుడల్లా పొట్ట ఉబ్బుతుంది, ఉబ్బి ఉబ్బి చివరకు పగులుతుంది. ఈ సంగతి నాకు ముందే తెలుసు కాబట్టి వాడా మొత్తానికీ తెలుసు.

టీవీని వాకిట్లోకి తెచ్చారు. జనం గోడల మీద కూడా కూర్చున్నారు. మామ ముందు వరసలో కుర్చీ వేసుకున్నాడు. కీచుమోత ముగిసి, తెర మీద పొట్ట కనిపించగానే వాడా పగిలేలా నవ్వులు. మామ మొహం మొదటిసారి ఎదుటివాళ్ల నవ్వుకు కాలడం చూశాను. ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. రెండో గిరాకీ పారిపోయేలోపు తెర ఆరిపోయింది. కరెంటు వచ్చాక అన్న టేపు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. మళ్లీ పొట్ట కనిపించగానే మళ్లీ ఆరిపోయింది. కానీ ఈసారి సందు అవతల హోటలు రేడియో పాడుతూనే ఉంది. కరెంటు పోయింది మా వాడాకొక్కదానికేనని అందరికీ ఒక్కసారే అర్థమయింది. అన్న లేచాడు.

"ఓడిపోతనని బుగులైతే జెప్పు మామా, గిట్ల దొంగతనంగ మెయిన్ ఎందుకు తీస్తవ్?"

మామ కుర్చీలోంచి కదలనే లేదన్న సంగతి అప్పుడు మాకు తట్టింది. అన్న నడవ వైపు తిరిగాడు. మెయిన్ దగ్గర, పట్టుచీరలో, తలలో పూలతో, చెయ్యి ఇంకా పిడి మీదే ఉంచి వదిన నిలబడి ఉంది. చెయ్యి తీయలేదు.

"బాపు గాదు బావా, నేనే తీసిన. ఎండకాలం సంది నేనే తీస్తున్న. కరెంటు ఉన్నంత సేపు నీ ఈపే సూసిన. కరెంటు పోతెనే నువ్వు ఎనకకు మర్రి సూస్తవు. సూసినా, మీ దిక్కు గూడ పోయిందా అని అడుగుతవు గని ఇంకో మాట లేదు. ఆటంటె పక్కపొంటి ఇంకొకరు కూసునే జాగ ఉండాలె. గా చక్కెర పుడా నాకొద్దు."

అంత చెప్పి, కరెంటు మళ్లీ వేసి, వంటింట్లోకి పోయింది.

 మామ నవ్వడం మొదలుపెట్టాడు. కూతురి పెళ్లి చెడిపోయిన సంగతి కూడా మరిచి, పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లు కారేలా నవ్వి, పళ్లెంలోని పొట్లం తానే చింపి గోడ మీది పిల్లలకు పిడికెళ్లతో పంచిపెట్టాడు. మేమూ నవ్వుతూ ఆ చక్కెర తిన్నాం. పెదనాన్న చెప్పులు కూడా వేసుకోకుండా స్టేషను వైపు వెళ్లిపోయాడు. పెద్దమ్మ కింద చెదిరిన పళ్లెంలోని పూలు ఒక్కటొక్కటి ఏరుకుంది.

అన్న ఆమె వెనక పోతాడనుకున్నాను. నాలుగు మాటలు అంటే చాలు, ఆ పిల్ల మెత్తబడేదని అత్త చనిపోయేదాకా అంటూనే ఉండేది. అన్న మాత్రం నడవ వైపు కాసేపు చూసి, తిరిగి వచ్చి, టీవీ ముందు కూర్చుని, టేపు వెనక్కి తిప్పి మూడోసారి పెట్టాడు. జనం లేచిపోయారు. కీచుమోత పూర్తయింది, ఆట వచ్చింది, కరెంటు ఉంది. ఖాళీ వాకిట్లో ఒక్కడే కూర్చుని, మామ పొట్ట పగిలేదాకా ఆడాడు. ఎంత బాగా రాశాడో ఆ ఆట, చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

వదినను తర్వాత ఉమ్రిలో పత్తి వ్యాపారం చేసే ఇంట్లో ఇచ్చారు. ఆయన ఏ ఆటా ఆడనివాడు. పలకరిస్తే వెనక్కి తిరిగి చూసేవాడో కాదో నేనడగలేదు. అన్న పెళ్లి చేసుకోలేదు. పుణెలో కంప్యూటర్ల మీదే బతికి, బాగానే సంపాదించి, ఒక ఆదివారం బల్ల ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. పనిమనిషి మర్నాడు వచ్చి వీపు చూసి, పనిలో ఉన్నాడనుకుని గది ఊడ్చి వెళ్లిపోయిందట. ఇది నేను కల్పించింది కాదు.

మన కాలంలో ఏ యంత్రమైనా కరెంటు పోతే మనల్ని మనుషుల మధ్య వదిలేసేది. విసనకర్రలు బయటికొచ్చేవి, తిట్టుకోవడానికైనా ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. ఇప్పుడు కంప్యూటరూ కన్సోలూ రెండూ బాగుపడ్డాయి. ఆట తన స్థానం తానే గుర్తుపెట్టుకుంటుంది, ఏ దేశంలోనో ఉన్నవాడు చెవిలో మాట్లాడుతూ మనతో ఆడతాడు. ఇన్వర్టర్లొచ్చాయి, బ్యాటరీలొచ్చాయి. ఇంట్లో ఎవరైనా విసిగి వెళ్లి మెయిన్ తీసినా ఒక్క తెర కూడా ఆరదు, ఒక్క తల కూడా వెనక్కి తిరగదు.