తిప్పి పెట్టిన రాయి

"అది చర్చి కాదని ముందే చెప్పి ఏడవచ్చుగా?"

1982 ఆగస్టులో, గల్ఫ్‌లోని అల్ ఐన్ ఆసుపత్రి నర్సుల హాస్టల్ వంటగదిలో మరియకుమారి దయారాణిని అడిగిన మాట ఇది. మరియకుమారి చేతిలో దయారాణి ఊరి నుంచి పోస్టులో వచ్చిన ఫొటో. పొయ్యి మీద చేపల పులుసు అడుగంటుతున్నా దయారాణి గరిటె కదపలేదు.

దయారాణిది బాపట్ల దగ్గర ఉప్పుటేరు పక్క పల్లె. అక్కడ ఏడెనిమిది కుటుంబాలు సిలువ పెట్టుకోవు, శనివారం పొయ్యి రాజేయవు, తాము యూదులమని చెప్పుకుంటాయి. ఊళ్లో మిగతావాళ్లు నవ్వుకుంటారు. వాళ్ల ప్రార్థనాలయం, బైబిల్ మాటలో సమాజ మందిరం, తొంభై ఏళ్ల కిందటి సున్నపు కట్టడం. డెబ్బై ఏడు ఉప్పెన దాని కప్పును తాటిదూలాలతో సహా పట్టుకుపోయింది. తండ్రి శాంతరాజు ఆ మొండి గోడల మధ్య గొడుగు వేసుకుని ప్రార్థన చేస్తున్నాడని తెలిశాక దయారాణి చందాలకు దిగింది.

చందాలు సులువుగానే వచ్చాయి. కారణం భక్తి కాదు, డ్యూటీలు. అక్కడ సెలవు శుక్రవారం, చర్చికి వెళ్లేవాళ్లు వెళ్లేదీ ఆ రోజే. దయారాణి ఒక్కో వారం ఒక్కొక్కరి శుక్రవారం డ్యూటీ మీద వేసుకుని, బదులు శనివారం సెలవు తీసుకునేది. శనివారం ఆరాధన చేసే క్రైస్తవుల సబ్బాతు మిషన్ పిల్ల కాబోలు అనుకున్నారు. "ఈ చందా మీ సబ్బాతు చర్చికేగా?" అని మరియకుమారి అడిగితే తల ఊపింది. నోటితో అబద్ధం ఆడలేదని ఆమె తర్వాత చాలాసార్లు అంది. నోరు చేయాల్సిన పని తల చేసింది, అంతే తేడా.

పదకొండు మంది నర్సులు తలా మూడు వందల దిర్హములు ఇచ్చారు. నలిగిన వేలికి కట్టు కట్టించుకోవడానికి వచ్చిన జగిత్యాల మేస్త్రి హన్మాండ్లు యాభై ఇచ్చి, "రాయి మీద నా పేరు ఎక్కియ్యాలె సిస్టరమ్మా" అన్నాడు.

ఎక్కించారు. అదే కొంప ముంచింది. శాంతరాజు దాతలందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా నల్లరాతి మీద చెక్కించి, కింద అల్ ఐన్ అని వేయించి, పైన ఆరు కోణాల యూదుల నక్షత్రం పెట్టించి, ఫొటో తీయించి మరీ గర్వంగా పంపాడు. అవి పొద్దున్నే రేడియో తిప్పితే బేరూత్ మీద ఇజ్రాయిల్ బాంబుల వార్తలు వస్తున్న రోజులు.

"ఆసుపత్రి నడిపే ముదీర్ కంట్లో పడితే ఖలాస్, మన పని అయిపోయినట్టే! నిన్నొక్కదాన్నే పంపిస్తారా? అందర్నీ విమానం ఎక్కిస్తారు. మా తమ్ముడి వీసా కూడా నామీదే ఆధారపడి ఉంది."

"రాయి మా ఊళ్లో ఉందక్కా. ఎవరు చూస్తారు?"

"ఫొటో ఇక్కడుందిగా! కవరు అంచు చూడు, ఎవడో తెరిచాడు."

"తేమకి ఊడి ఉంటుంది."

"తేమా? అల్ ఐన్‌లోనా?"

మామూలు రోజైతే ఇద్దరూ పడిపడి నవ్వేవాళ్లు. మరియకుమారి ఫొటోను పొయ్యి మంటలో పెట్టింది. "పేర్లు చెరిపేయించు. డబ్బు తిరిగివ్వు. అందరి మాటా ఇదే."

మర్నాడు దయారాణి ఆసుపత్రి ప్రహరీ కడుతున్న హన్మాండ్లు దగ్గరికి వెళ్లి అంతా చెప్పింది. అతను తాపీ పక్కన పెట్టాడు.

"ఫొటోల నా పేరు ఏడ ఉండె?"

"అన్నిటికన్నా కింద."

"కింద ఉన్నా మంచిదే." పక్కనున్న ఇటుకను బోర్లా తిప్పి చూపించాడు. "పేర్లు చెక్కి తీసేస్తే గుంటలు పడ్తయి. ఎవడైనా అడుగుతడు, ఈడ ఎవలి పేర్లుండె అని. రాయి ఊడపీకి తిప్పి పెట్టుండ్రి, పేర్లు గోడ దిక్కు. ఎవనికి కనబడది."

"నీ యాభై తీసుకో అన్నా."

"పేరు ఆడనే ఉన్నది గద సిస్టరమ్మా. పైసలెట్ల తీస్కుంట?"

దయారాణి అలాగే ఉత్తరం రాస్తే శాంతరాజు రాయి తిప్పించాడు. ఆ తర్వాత ఏడాది పాటు కూతురికి ఉత్తరం రాయలేదు. చందా డబ్బు అప్పటికే దూలాలకూ సగం పెంకులకూ అయిపోయింది. మిగతా సగం పెంకులకని దయారాణి దాచిన జీతమే నర్సులకు వాయిదాలుగా పోయింది. వానొస్తే శాంతరాజు కప్పు ఉన్న వైపుకు జరిగి ప్రార్థన చేసేవాడు. మరియకుమారి తన శుక్రవారం డ్యూటీ తానే చేసుకునేది.

1985 జూన్‌లో దయారాణి కాంట్రాక్టు ముగిసింది. పదకొండు మందిలో తొమ్మిది మందికి డబ్బు ముట్టింది. మరియకుమారికీ, ఇంకొకామెకూ మూడేసి వందల దిర్హములు ఇంకా బాకీ.