అక్క వేసిన పాతర

మాది కోరుట్లలో కిరాణా దుకాణం. మూట మీద రాసింది మా ఇంట్లో ఎవరూ నమ్మరు. మూతి విప్పి, పిడికెడు తీసి, వాసన చూస్తేనే సరుకు. రుద్రంగికి కోడలుగా పోయినా అక్కకు ఆ అలవాటు పోలేదు.

ఆ ఏడు బావులు ఎండిపోయాయి. దుబాయిలో బావ పనిచేసే కంపెనీ మూతపడింది. అక్క ఆశంతా చూడి బర్రె మీదే. అది ఈనితే పాలమ్మి, బావకు వాపసు టికెట్ పంపాలి. ఎండబోతున్న మొక్కజొన్న చేనును పచ్చిగా ఉండగానే కోసి, బర్రె మేతకు గుంతలో పాతరేయమన్నాడు పశువుల డాక్టరు.

"గింజల పాలున్నప్పుడే కొయ్యి. ఒక పూట ఆరవెట్టు, పిండితె నీళ్లు కారద్దు. సన్నగ నరికి గట్టిగ తొక్కు. కప్పినంక నెలన్నర దాక ముట్టద్దు. గాలి తగిలితె బూజే."

కప్పే ప్లాస్టిక్ కవరు జగిత్యాలలో నేనే బేరమాడాను. అలిగి దుకాణం మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, తాడు ఊరికే ఇప్పించుకున్నాను. రాజ్యం గెలిచినవాడిలా బస్సులో కాలు మీద కాలేసుకుని వచ్చాను.

పాతర మూసిన తెల్లారే అక్క ఫోన్.

"ఓ మూల లేపి చూసిన తమ్మీ. వాసన మంచిగనే ఉన్నది."

"ముట్టద్దన్నడు గదనే!"

"చూడకుంట ఎట్ల నమ్ముతమురా? నాయిన నమ్ముతుండెనా?"

రోజూ అదే మూల, అదే మాట.

నెలన్నరకు పాతర తెరిచేసరికి నడుమ గడ్డి పసుపుపచ్చగా, కమ్మటి పులుపు వాసనతో ఉంది. ఆ మూల మాత్రం నల్లబడి, బూజు పట్టి, తడిసిన గోనెసంచి కంపు కొట్టింది. పారేయడానికి అక్కకు చేతులు రాలేదు. పాత పప్పును కొత్తదాంట్లో కలిపే ఇల్లు మాది. ఆమె కూడా కలిపే పెట్టింది.

బర్రె నెలలు నిండకుండానే చచ్చిన దూడను వేసింది. బూజు మేతే కారణమన్నాడు డాక్టరు. తర్వాత అది మేత ముట్టలేదు, చిక్కిపోయింది.

బర్రెను కొనడానికి గంభీరావుపేట నుంచి బేరగాడు వచ్చాడు. నేను గొంతు సవరించుకుని బర్రె గుణగణాలు మొదలుపెట్టాను. అతను తొట్లోంచి పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"సేటూ, వాసన చూసిన. ఇంక నీ నోటికెందుకు నొప్పి?"

నేను మళ్లీ నోరు తెరిచేలోపే అక్క పలుపు అతని చేతిలో పెట్టేసింది.

సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "పాతర గడ్డి ఎట్లున్నదే?"

అక్క లేచి వెళ్లి, కవరు ఎత్తి, వంగి వాసన చూసింది.

"మంచిగనే ఉన్నది," అంది.